ఎడమకాలు వంగని రాక్షసబల్లి

సుశీలాబాయి మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని దుకాణానికి వెళ్లేసరికి కిష్టన్న బల్లమీద దేనిమీదో గుడ్డ కప్పుతున్నాడు. అదీ దొంగచాటుగా, చూపు రోడ్డు మీద పెట్టి, ఎడమచేత్తో. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు దాచడం మాత్రం చేతకాలేదు. బీడీలు మానేశానని ఒట్టు పెట్టిన రోజున కూడా అగ్గిపెట్టె చొక్కా జేబులోంచి తొంగి చూస్తూనే ఉంది.

"ఏందది?"

"ఏం లేదు. ఎవరిదో చార్జరు."

"చార్జరుకు తోక ఉంటదా?"

గుడ్డ అంచు కింద నుంచి ఇత్తడి రంగు తోక మొన బయటికి కనిపిస్తోంది. కిష్టన్న దాన్ని లోపలికి నెట్టబోయాడు. ఆమె గిన్నె బల్లమీద పెట్టి గుడ్డ లాగేసింది.

జానెడు పొడవున్న రాక్షసబల్లి బొమ్మ. బూడిదరంగు ఒళ్లు, చిన్న నీలం చేతులు, తెరిచిన నోరు, నోట్లో వరుసగా పళ్లు. చూడ్డానికి జంతువే. కానీ తోకను విడదీసి కిందికి దించితే రెండు కాళ్లవుతాయి. వెనక కాళ్లు పైకి తిప్పితే చేతులవుతాయి. తల వీపు మీదికి వాలిస్తే రొమ్ములోంచి మనిషి ముఖం బయటికొస్తుంది. ఈ సంగతి సుశీలాబాయికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ల కిందట అలాంటి బొమ్మ సిరొంచ మొత్తంలో ఒక్కటే ఉండేది. అది ఆమె కొడుకు అంజిది. అంజి ఏడో ఏట పోయాడు. బొమ్మను వాడితోపాటే ప్రాణహిత ఒడ్డున పూడ్చారు.

"ఇది వానిది," అంది.

"కాదే. వానిదెట్లయితది?"

"కాకుంటె ఎందుకు దాచినవు?"

 కిష్టన్న స్క్రూడ్రైవర్ తీసుకుని బల్ల అంచున గీకడం మొదలుపెట్టాడు. ఆ బల్ల మీద ఒకప్పుడు రేడియోలు వరుసలో నిలబడేవి. మంచిర్యాలలో పని నేర్చుకొచ్చి బస్టాండు ఎదుట ఆయన ఈ దుకాణం పెట్టినప్పుడు దూరపు జింగనూర్ నుంచి కూడా నెత్తిన పెట్టుకుని తెచ్చేవాళ్లు. ఇప్పుడు సెల్‌ఫోన్ చార్జర్ల తీగలు అతికించడం, టార్చిలైట్లు చూడడం మిగిలింది.

అంతలో వీధి చివరి లక్ష్మక్క టార్చిలైటు ఊపుకుంటూ వచ్చింది.

"ఏం కిష్టన్నా, నిన్న బాగు చేస్తివి, ఇంటికి పోంగనే కండ్లు మూసింది. నీ చేతిల ఏమన్న మందు పెట్టుకున్నవా?"

"బ్యాటరీలు మార్చినవా అక్కా?"

"బ్యాటరీలు మార్చేదుంటె నీ దాకా ఎందుకొస్త?"

కిష్టన్న టార్చి మూత విప్పేలోపు సుశీలాబాయి బొమ్మను చేతిసంచిలో వేసుకుంది. ఆయన చూశాడు. చూసి మళ్లీ టార్చి మీదికి వంగాడు. లక్ష్మక్క మాత్రం ఊరుకునే మనిషి కాదు.

"మనవనికా ఏంది సుశీలా, బొమ్మ?"

"కాదు," అని సుశీలాబాయి ఎండలోకి దిగింది. పిండి గిర్నిలో పనికి వెళ్లాలి. మిరపకాయలు పట్టించుకునేవాళ్లు ఎదురుచూస్తుంటారు. వెళ్లలేదు. నేరుగా ఇంటికి నడిచింది.

ఇక్కడి నేల సంగతి తెలియనివాళ్లకు ఆమె అనుమానం పిచ్చిగా అనిపించవచ్చు. పాతిపెట్టిన బొమ్మ లేచి దుకాణం బల్లమీదికి ఎలా వస్తుంది? కానీ సిరొంచ పల్లెల్లో పుట్టినవాళ్లకు పాతిపెట్టింది పైకి రావడం కొత్త కాదు. ఆమె చిన్నప్పుడు కలకత్తా నుంచి సార్లు వచ్చి రాతిచేలల్లో తవ్వకాలు జరిపారు. ఆమె తండ్రి ఐలన్నకు సెంటు భూమి లేదు. ఆ తవ్వకాల్లో కూలికి వెళ్లాడు. రాయిలా మారిన రాక్షసబల్లి ఎముకలు బయటపడ్డాయి. వాటిని ఊళ్లో రాకాసి బొక్కలన్నారు. మనిషికన్నా పొడవైన తొడ ఎముకకు సున్నం లాంటి ముద్దలో తడిపిన గోనెపట్టాలు చుట్టి, పదిమంది పట్టి ఎద్దుబండి ఎక్కించారు. ఐలన్న ఆ కథను చచ్చేదాకా చెప్పాడు. ప్రతిసారీ చివర ఒకే మాట అనేవాడు: "భూమి ఎవ్వలను ఉంచుకోదు బిడ్డా. అడిగేటోడు రావాలె గని, ఇచ్చేస్తది."

సుశీలాబాయి పెళ్లయి, అంజి పుట్టి, వాడు బడికి వెళ్లే వయసు వచ్చాక మళ్లీ ఒక సారు రాళ్లు చూసుకుంటూ సిరొంచలో ఒక చలికాలం ఉన్నాడు. ఆయన రేడియో చెడిపోతే కిష్టన్న బాగు చేశాడు. అప్పటినుంచి అంజి ఆ సారు వెంట పడ్డాడు. దొరికిన ప్రతి రాయినీ నిక్కరు జేబుల్లో వేసుకొచ్చి "ఇది బొక్కనా సార్?" అని అడిగేవాడు. ఒక్కటీ ఎముక కాలేదు. నిక్కర్లు మాత్రం రెండు చిరిగాయి. వెళ్లేరోజున సారు తన పెట్టెలోంచి ఈ బొమ్మ తీసి వాడికిచ్చాడు. జపానులో ఉన్న తమ్ముడు పంపాడట. ప్రయాణంలో ఎడమ వెనక కాలు విరిగింది. కిష్టన్న సైకిల్ పుల్ల ముక్క లోపల దూర్చి అతికించాడు. కాలు నిలిచింది గానీ, ఆ తర్వాత వంగలేదు.

మరుసటి వానాకాలం అంజికి జ్వరం వచ్చింది. మలేరియా మెదడుకెక్కిందన్నారు. పెద్దాసుపత్రికని బస్సులో తీసుకుని బయలుదేరితే అల్లపల్లి దాటాక వాగు పొంగి బస్సు ఆగిపోయింది. రాత్రంతా బస్సులోనే ఉండి వెనక్కి తెచ్చారు. ఆ చివరి రోజుల్లో వాడి చేతుల్లో బలం లేదు. తల్లిని అడిగేవాడు.

"అమ్మా, మనిషిని చెయ్యి."

చేసేది.

"అమ్మా, మళ్ల బల్లిని చెయ్యి."

చేసేది. వంటచేస్తూ, కళ్లు మూసుకుని, నిద్రలో ఉండి కూడా చేసేది.

ఇక్కడ పెద్దవాళ్లు పోతే కాలుస్తారు. బూడిద కాళేశ్వరం దగ్గర రెండు నదులు కలిసేచోట కలుపుతారు. పిల్లలను కాల్చరు, పూడ్చుతారు. కర్మ ఉండదు, పిండం ఉండదు. ఆడవాళ్లు గుంత దాకా వెళ్లరు. సుశీలాబాయి గడప దగ్గర నిలబడి బొమ్మను భర్త చేతికిచ్చి, "వాని చేతిల పెట్టు" అని మాత్రమే అనగలిగింది. గుంత ఎక్కడ తీశారో, ఎంత లోతు తీశారో ఆమె ఎన్నడూ చూడలేదు. కిష్టన్న చెప్పినదాన్నిబట్టి మనసులో ఒక చోటు కట్టుకుంది: మోదుగచెట్టు, దానికి పడమర ఒక నల్లరాయి, రాయి కింద అంజి. ఇరవై ఏళ్లు ఆ చోటు ఉందన్న ధైర్యంతోనే బతికింది.

కిందటేడు పెద్ద వరద వచ్చింది. ఒడ్డు పొడవునా మన్ను కోసుకుపోయిందని అందరూ చెప్పుకున్నారు. కిష్టన్నను చూసి రమ్మంది. చూసొచ్చి, "మన దిక్కు ఏం కాలే. పైలంగనే ఉన్నది" అన్నాడు.

ఇప్పుడు బొమ్మ బయట ఉంది.

ఇంటికొచ్చి వాకిట్లో వెలుగు పడేచోట కూర్చుంది. కొప్పులోంచి పిన్ను తీసి బొమ్మ కీళ్లలో, పళ్ల సందుల్లో, తోక గాట్లలో గీకి చూసింది. ప్రాణహిత మన్ను పిసరంతైనా దొరుకుతుందని. దొరకలేదు. కడిగి ఉంటారు అనుకుంది. వాసన చూసింది. కొత్త చెప్పుల వాసన వచ్చింది. దేనితో కడిగారో మరి, అనుకుంది. అరచేతిలో ఎత్తి చూస్తే తేలికగా తోచింది. ఆ రోజుల్లో తిండి లేదు, నిద్ర లేదు, అన్నీ బరువే అనిపించేవి కదా, అనుకుంది. ఇలా బొమ్మ కాదన్న ప్రతిసారీ ఆమె అవుననిపించుకుంది.

ఎందుకంటే ఆ మధ్యాహ్నం ఆమెలో రెండు మాటలు కొట్లాడుతున్నాయి. ఇది అంజి బొమ్మే అయితే నది వాడి గుంత తెరిచింది, వాడిప్పుడు అక్కడ లేడు. ఆ భయం ఒకవైపు. ఇది అంజి బొమ్మే అయితే వాడు ముట్టుకున్న వస్తువు ఇరవై ఏళ్ల తర్వాత తన ఒళ్లో ఉంది. ఆ ఆశ ఇంకోవైపు. ఆశే కొంచెం గట్టిగా ఉంది. అందుకు ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పొద్దు వాలుతుండగా కిష్టన్న ఇంటికొచ్చాడు. వెంట వినయ్‌కుమార్ ఉన్నాడు. పక్కవీధి పిల్లవాడే, అంజి ఈడువాడు, ఒకే తరగతి. ఇప్పుడు జింగనూర్ ఆశ్రమశాలలో మాస్తరు. చేతిలో రంగుల అట్టపెట్టె ఉంది. సుశీలాబాయి ఒళ్లో బొమ్మను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"చిన్నమ్మా..."

"నీకేడ దొరికిందిరా ఇది? గంగ ఒడ్డునా?" ఊళ్లో ప్రాణహితను గంగ అనే అంటారు.

"గంగ ఒడ్డున ఎందుకుంటది చిన్నమ్మా? సింగపూర్ పోయిన దోస్తుతోని తెప్పించుకున్న."

"సింగపూర్ల అంజి బొమ్మెందుకుంటది?"

వినయ్ కిష్టన్న వైపు చూశాడు. కిష్టన్న చెప్పు అన్నట్టు తలూపి తాను మాత్రం నీళ్లకుండ దగ్గరికి వెళ్లాడు. తాగడానికి కాదు.

వినయ్ ఆమె ఎదుట నేలమీద కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే సిగ్గుపడే వయసు దాటిందనుకున్నాడు గానీ దాటలేదు. బడిలో ఆ బొమ్మ చుట్టూ పిల్లలంతా మూగేవాళ్లు. అంజి అందరికీ చూపించేవాడు, ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "ఒక్కసారి నోరు తెరిపిస్తనని నా రెండు రేగువడలు తిన్నడు చిన్నమ్మా. తెరిపియ్యనే లేదు. బెల్లు కొట్టిండ్రు." సంపాదన మొదలయ్యాక అలాంటిది ఒకటి కొనుక్కోవాలని పట్టుబట్టాడు. పాతవి దొరకవు. ఆ కంపెనీ పాత అచ్చు బయటికి తీసి మళ్లీ పోసి అమ్ముతోందని దోస్తు చెప్పాడు. తెప్పించాడు. అది నిజంగా పాత అచ్చేనా, పేరు చెప్పి అంటగట్టిన సరుకా అని తేల్చుకోవాలనుకున్నాడు. అసలు బొమ్మను విప్పి బిగించిన మనిషి ఈ తాలూకాలో ఒక్కడే ఉన్నాడు.

"అందుకని కాకాకు తెచ్చిచ్చిన. నీ కండ్ల పడనీయకని కూడ చెప్పిన," అన్నాడు.

"కాకా ఏమన్నడు?"

కుండ దగ్గర నుంచి కిష్టన్న తనే చెప్పాడు. "అచ్చు పాతదే. సరుకు కొత్తది. అప్పటిదాని రొమ్ము మొత్తం లోహం. దీనికి ముందట పలక ఒక్కటే లోహం, తక్కింది ప్లాస్టిక్కు. దవడల స్ప్రింగు మెత్తగ పెట్టిండ్రు, పోరల వేళ్లు నలగొద్దని. మరలు కూడ వేరే."

వినయ్ పెట్టె మీది అక్షరాలు చూపించాడు. బొమ్మ కడుపు కింద అచ్చు వేసిన సంవత్సరం చూపించాడు.

"అక్షరాలు ఎవడన్న రాస్తడు," అంది సుశీలాబాయి. "అంత పెద్ద రాకాసి బొక్కలే భూమిలకెల్లి లేచి కలకత్తా పోయినయి. జానెడు బొమ్మ రాదా? రంగులేసి, డబ్బల పెట్టి అమ్మరా?"

 ఆమె తల వంచుకుని బొమ్మను చేతిలోకి తీసుకుంది. "మనిషిని చేస్త చూడు," అంది. ఎవరితో అందో తెలియదు.

తోక విడదీసింది. దించింది. తల వీపు మీదికి వాల్చింది. వినయ్ కొనుక్కున్న నాటినుంచీ పెట్టెలో వచ్చిన కాగితం చూసుకుంటూ చేస్తున్న పని అది. ఆమె బొమ్మవైపు చూడను కూడా చూడకుండా చేస్తోంది. కుడికాలు పైకి తిప్పింది. ఎడమకాలి దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్లు కాలిని ముట్టుకోలేదు. రొమ్ముపలక తెరిచి, నడుమును పక్కకు మళ్లించి, కాలు బిర్రుగా ఉండగానే దాన్ని సందులోంచి దాటించబోయాయి. అంజి బొమ్మను మనిషిని చేయాలంటే అదొక్కటే దారి. సైకిల్ పుల్ల ఉన్న కాలు వంగదు కనుక చుట్టూ తిరిగి వెళ్లాలి.

సందులో తగిలి ఎడమకాలు మెత్తగా వంగింది.

ఆమె చేతులు ఆగిపోయాయి. కాలిని ఇంకోసారి వంచింది. చాచింది. వంచింది. ఏ అడ్డూ లేదు. ఎన్నడూ విరగని కాలు అది.

 వీధిలో ఎవరో మేకలను అదిలించుకుంటూ పోతున్నారు.

"వానిది కాదు," అంది. బొమ్మను వినయ్ ముందు పెట్టింది. గుంతలో ఉన్న కొడుకు గుంతలోనే ఉన్నాడని తేలితే తల్లి ఊపిరి పీల్చుకోవాలి. ఆమె ముఖంలో అలాంటిదేమీ కనిపించలేదు. మధ్యాహ్నం నుంచి ఒళ్లో ఉన్న పిల్లవాణ్ని ఎవరో ఎత్తుకుపోయినట్టు ఉంది.

"నువ్వే ఉంచుకో చిన్నమ్మా," అన్నాడు వినయ్.

"నాకెందుకు బిడ్డా? వాడు దీంతోని ఆడనే లేదు." కొంచెం ఆగి అడిగింది, "నోరు తెరుస్తదా?"

"తెరుస్తది."

"మంచిగ తెరిపించుకో."

వినయ్ పెట్టె సర్దుకుని వెళ్లాడు. కిష్టన్న దీపం స్విచ్చి వేయబోతుంటే ఆమె అడిగింది.

"మధ్యానం నేను బొమ్మను చూడంగనే నువ్వెందుకు బుగులుపడి దాచబోయినవు?"

"నేనెక్కడ బుగులుపడ్డ?"

"వానిది ఆడనే ఉంటె, ఇది వేరేదని నువ్వు నవ్వి నాకు చూపిస్తుంటివి. చార్జరంటివి." ఆయన చెయ్యి స్విచ్చి మీదే ఉంది. "రేపు నన్ను తోలుకపో."

"ఆడోళ్లు పోరాదే ఆడికి."

"ఇరవై ఏండ్లు పోలే. చాలు."

తెల్లవారి ఇద్దరూ నడిచి వెళ్లారు. ఆమె వెనక, ఆయన ముందు. మిరపచేల గట్లు దాటి, తుమ్మపొదలు దాటి వెళ్లాక నేల ఒక్కసారిగా తెగిపోయింది. కత్తితో కోసినట్టు నిలువుగా మన్ను, కింద గోధుమరంగు నీళ్లు. తెగిన మన్నులోంచి వేర్లు గాలిలోకి వేలాడుతున్నాయి.

"ఏది?" అంది.

కిష్టన్న చెయ్యెత్తి ముందుకు చూపించాడు. చూపించినచోట నేల లేదు. నీటికి పైన గాలి ఉంది. ఒక కొంగ దాన్ని దాటి ఎగిరిపోయింది.

"చెట్టు?"

"పోయింది."

"రాయి?"

"అన్ని పోయినయి. గట్టు ఇంకా అంత దూరం ఉండె."

"పోయినేడాది వరదలనేనా?"

"ఆఁ."

"చూసినవా?"

"చూసిన."

"మరి పైలంగ ఉన్నదంటివి."

"అంటి." ఆయన తువ్వాల మెడలోంచి తీసి మళ్లీ మెడలోనే వేసుకున్నాడు. "ఏం జెయ్యమంటవు? నువ్వు దానిమీదనే బతుకుతుంటివి. లేదని ఎట్ల చెప్పాలె?"

ఆమె కూర్చుంది. అంచుకు దగ్గరగా కూర్చుందని ఆయన వెనక్కి లాగబోతే చెయ్యి విదిలించుకుంది. వరద తగ్గాక ఏడాది మొత్తం ఆమె ఇంట్లోనుంచి ఈ దిక్కుకు తిరిగి దీపం పెట్టింది. అంజి పోయిన తిథినాడు ఆయనతో పాలు పంపించింది. ఆ పాలు ఈయన ఎక్కడ పోశాడో అడగలేదు. అడగనక్కర్లేదు.

"పెద్దోళ్లు పోతే మనం తీస్కపోయి గంగల కలుపుతం," అన్నాడు కిష్టన్న. దారి పొడవునా తయారు చేసుకున్న మాటలా ఉంది. "పోరనికి కర్మ లేదంటిమి. గంగ తనకుతానే వచ్చి తీస్కపోయింది. గట్లనుకో."

"నాకు మంచిగ చెప్పకు."

"మంచిగ కాదే..."

"ఇగ చెప్పకు." గొంతు పెంచలేదు. "నువ్వు ఏడాది మంచిగ చెప్పినవు. నేను ఏడాది ఉత్తగాలికి దండం పెట్టిన."

కింద చేపలవాడొకడు నావ తోసుకుంటూ వెళ్తున్నాడు. వీళ్లను తలెత్తి చూసి, ఏమనుకున్నాడో, తల దించుకుని పోయాడు. ఎండ నీటి మీదికి దిగింది.

ఆమె భర్త వైపు తిరగకుండానే పిలిచింది.

"అంజి బాపూ."

ఆ పిలుపు ఆయన ఇరవై ఏళ్లుగా వినలేదు. అంజి పోయాక కూతురి పేరుతో నవత బాపు అయ్యాడు. నవత పెళ్లయి చామోర్షి వెళ్లినా అదే పిలుపు.

"ఏందే?"

"బొమ్మ ఎట్ల పెట్టినవు?"

"చేతిల పెట్టిన. నువ్వు చెప్పినట్టే."

"అది కాదు. బల్లి లెక్క ఉండెనా, మనిషి లెక్క ఉండెనా?"

కిష్టన్న ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. రేడియోలో ఏ తీగ ఎక్కడ పోతుందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి ఆ గుంతను, ఆ చిన్న చేతిని, చేతిలో పెట్టినదాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. మన్ను గుర్తుంది. వాన పడుతుండటం గుర్తుంది. తొందర పెట్టిన మనుషుల గొంతులు గుర్తున్నాయి.

"నువ్వు ఇచ్చినట్టే పెట్టిన. నాకు మడవరాదాయె."

అంటే తను ఎలా ఇచ్చిందో అలాగే. ఆమె మనసులో ఆనాటి గడప దగ్గరికి తిరిగి వెళ్లి చూసుకుంది. వాడు ఆఖరున ఏది అడిగాడు? మనిషిని చెయ్యమన్నాడా, మళ్లీ బల్లిని చెయ్యమన్నాడా? అడిగింది చేసే ఇచ్చిందా? అడిగి అడిగి వాడి మాట ఆగిపోయినప్పుడు బొమ్మ సగంలో ఉందా? ఎంత వెతికినా భర్త చేతులు కనిపిస్తున్నాయి గానీ ఆ చేతుల్లో ఏముందో కనిపించలేదు.

ఆమె ముఖం చూసి కిష్టన్నకు భయం వేసింది.

"మనిషి లెక్కనే ఉండె," అన్నాడు. "నాకు యాదికొస్తుంది. మనిషి లెక్కనే."

సుశీలాబాయి ఆయనవైపు తిరిగి చూసింది.

"తెలవదు అను," అంది.

ఆయన నీళ్లవైపు చూశాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆమె పక్కన మెల్లగా కూలబడ్డాడు.

"తెలవదు," అన్నాడు.